ఆటకి తాత్పర్యం చెబితే సరిపోదు

సాహిత్యం చదివేవాళ్ళ దగ్గర వీడియో గేముల మాటెత్తితే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "కథేంటి?" చెప్తాను. విని పెదవి విరుస్తారు. "అంతేగా, కాల్చుకోవడమేగా" అంటారు. వీళ్ళతో నాకు పేచీ లేదు. ఆటలు వాళ్ళకి అక్కర్లేదు, అంతే.

నా పేచీ రెండో రకం వాళ్ళతో. వీళ్ళు ఉదారులు. "అన్ని ఆటలూ అలాంటివి కావండీ. 'స్పెక్ ఆప్స్: ది లైన్' చూడండి. జోసెఫ్ కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' ప్రేరణతో తీశారు. అదీ సాహిత్యమంటే" అంటారు. అంటే నవలకి చుట్టరికం ఉంటేనే ఆటకి పీట వేస్తారన్న మాట. ఆ చుట్టరికం లేని ఒక ఆట తరఫున మాట్లాడదామని ఈ వ్యాసం. ఆ ఆటకి నేను కూడా ఒకప్పుడు అన్యాయం చేశాను కాబట్టి ఆ సంగతితోనే మొదలుపెడతాను.

2010లో నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో మా పక్క గదివాడి దగ్గర ప్లేస్టేషన్ 3 ఉండేది. కొత్త ఆటలు కొనే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి మాకు దొరికేవి డెమోలే. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే పొద్దున్నకి వచ్చేది. అలా వచ్చిందే 'వాంక్విష్' డెమో. ఓ అరగంట ఆడి, "గేర్స్ ఆఫ్ వార్‌కి జపాన్ కాపీరా ఇది" అని తేల్చేసి, కంట్రోలర్ పక్కవాడి చేతిలో పెట్టాను. నా మాట నమ్మి ఇంకో నలుగురు దాన్ని ముట్టుకోలేదు.

ఈ రకం ఆటలు ఎరగనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. వీటిని కవర్ షూటర్లంటారు. తెర మీద వీరుడి వీపు కనిపిస్తుంటుంది. ఎక్కడ చూసినా నడుమెత్తు గోడలు. ఒక బటన్ నొక్కితే గోడకి ఆనుకుంటాడు. తల ఎత్తి కాల్చాలి, మళ్ళీ దాక్కోవాలి. తూటాలు తగిలితే తెర ఎర్రబడుతుంది. గోడ చాటున కాసేపు ఊరికే కూచుంటే గాయం దానంతటదే మానిపోతుంది. 2003లో 'కిల్‌స్విచ్' ఈ పద్ధతి చుట్టూనే ఆటంతా కట్టింది. 2006లో 'గేర్స్ ఆఫ్ వార్' దాన్ని లోకమంతా పాకించింది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు వీధిలోకి వెళ్ళినా గుడిలోకి వెళ్ళినా అవే గోడలు. వరసగా నాలుగు కనబడ్డాయంటే ఇప్పుడు కాల్పులు మొదలవుతాయని చిన్నపిల్లాడు కూడా చెప్పేసేవాడు.

ఈ పద్ధతి మన చేత అసలు చేయించేదేమిటి? ఎదురుచూడటం. తెర మీద కండలు తిరిగిన సైనికుడు అరుస్తుంటాడు గానీ మన చేతులు చేసే పని మాత్రం దాక్కోవడం, మానేదాకా ఆగడం, మళ్ళీ తొంగిచూడటం. దాక్కున్నందుకు జీతమిచ్చే ఉద్యోగం లాంటిది. కథ ధైర్యం గురించి చెబుతుంటే వేళ్ళు జాగ్రత్త నేర్చుకుంటాయి.

వాంక్విష్ దర్శకుడు షింజి మికామి. 1996లో 'రెసిడెంట్ ఈవిల్' తీసింది ఈయనే, 2005లో 'రెసిడెంట్ ఈవిల్ 4' తీసిందీ ఈయనే. ఆ నాలుగో ఆటలో కెమెరాని వీరుడి భుజం వెనక నిలబెట్టారు. గేర్స్ ఆఫ్ వార్ అక్కణ్ణుంచే ఆ చూపు తీసుకుంది. కాబట్టి 2010లో మికామి కవర్ షూటర్ తీశాడంటే, తన దగ్గర అప్పు తీసుకున్నవాళ్ళకి తిరిగి జవాబు చెప్పడమే. ఇది నాకు అప్పుడు తెలీదు. తెలియకపోవడం తప్పేం కాదు. చేతులకి తెలియాల్సింది కూడా తెలుసుకోకుండా తీర్పు చెప్పడం తప్పు.

సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయ్యాక వేరే డెమో ఏదీ లేక మళ్ళీ దాన్నే పెట్టాను. డెమోలో ఆర్గస్ అనే పెద్ద యంత్రం ఉంటుంది. గోడ చాటున కూచున్నాను. గోడ పగిలిపోయింది. ఇంకో గోడ వెతుక్కున్నాను. చచ్చాను. మళ్ళీ చచ్చాను. ఐదో సారో ఆరో సారో విసుగొచ్చి, దాక్కోవడం మానేసి ఎదురుగా జారాను.

జారడం అంటే ఏమిటో చెప్పాలి. హీరో సామ్ గిడియన్ తొడుక్కున్న సూట్‌కి రాకెట్లుంటాయి. మోకాళ్ళ మీద వెనక్కి వాలి, నిప్పులు చిమ్ముతూ నేల మీద దూసుకుపోతాడు. ఆ వేగంలో గురిపెడితే కాలం మందగిస్తుంది. ఎదురొచ్చే తూటాలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. అయితే జారడానికీ కాలాన్ని మందగించడానికీ ఖర్చయ్యేది ఒకటే నిల్వ. అది అయిపోతే సూట్ వేడెక్కిపోయి కొన్ని క్షణాలు దేనికీ పనికిరాదు. చావు అంచుకి వెళ్తే సూట్ తనంతట తానే కాలాన్ని మందగిస్తుంది, మిగిలిన నిల్వని అందుకు మింగేస్తుంది. అప్పుడు కావాలి గోడ. సూట్ చల్లబడేదాకా, అంతవరకే.

అక్కడ నాకు వెలిగింది. ఇందులో గోడ కాపురం పెట్టడానికి కాదు, ఆయాసం తీర్చుకోవడానికి. గోడ చాటున ఉన్నప్పుడు సామ్ చేత సిగరెట్ వెలిగించుకోనిస్తారు కూడా. ఆ సిగరెట్ విసిరితే శత్రు రోబోలు దాని వేడికి అటు తిరుగుతాయి. తూటాల మధ్య ఒక దమ్ము లాగి, అది ఆరేలోపు మళ్ళీ బయటికి. మిగతా ఆటల్లో ఆటంతా ఆ గోడే. ఇక్కడ అది రెండు పరుగుల మధ్య విరామం. అవే గోడలు, అదే కెమెరా, అదే బటన్. లెక్క మాత్రం తిరగబడింది.

నేను రోజూ కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి నాకు ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. సూట్ ఎన్ని క్షణాల్లో వేడెక్కాలి, ఎన్ని క్షణాల్లో చల్లబడాలి అనేవి ప్రోగ్రాంలో అంకెలు. ఆ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడవు. కొంచెం పెంచితే గోడ అక్కర్లేదు, కొంచెం తగ్గిస్తే గోడ వదలబుద్ధి కాదు. ఆ రెంటి మధ్య సరైన చోటు ఎవరో కూచుని ఆడి, మార్చి, మళ్ళీ ఆడి నిర్ణయించారు. దీన్ని రచన అనకపోతే ఏమనాలి? క్రికెట్‌లో కూడా చేతి నేర్పు ఉంటుంది కదా అని అడగొచ్చు. ఉంటుంది. కానీ ఏ బంతికి మీరు ఎంత భయపడాలో ముందే ఆలోచించి రాసిన మనిషి క్రికెట్‌లో లేడు.

కథ సంగతికొస్తే, ఒప్పుకుంటాను, చెత్త. రష్యాలో సైన్యం తిరుగుబాటు చేసి, ప్రావిడెన్స్ అనే అమెరికా అంతరిక్ష కాలనీని లాక్కుని, అక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కోని కాల్చేస్తుంది. సినిమాకి రాసుకుంటే నిర్మాత గేటు కూడా తీయడు. ఆట బయటికొచ్చాక సమీక్షల్లో పదేపదే వచ్చిన ఇంకో ఫిర్యాదు, మరీ చిన్నదని. ఆరేడు గంటల్లో అయిపోతుందట! పేజీకి ఎన్ని పైసలు పడిందో లెక్కేసి కథల పుస్తకం కొనేవాణ్ణి మనం విమర్శకుడనం. ఆటల దగ్గరికొచ్చేసరికి ఆ లెక్కే విమర్శగా చెల్లుబాటవుతోంది.

ఇప్పుడు స్పెక్ ఆప్స్ దగ్గరికి వద్దాం. బెర్లిన్‌లోని యాగర్ సంస్థ తీసిన ఆట, 2012లో వచ్చింది. ఇసుక తుఫానుల్లో కూరుకుపోయిన దుబాయ్, అందులో కెప్టెన్ వాకర్, అతను వెతికే కల్నల్ కాన్రాడ్. కథ బలమైనదే. కానీ చేతులు చేసేది? గోడ, తొంగిచూపు, కాల్పు, గోడ. తెల్ల భాస్వరం బాంబులు వేసే ఘట్టాన్ని అందరూ మెచ్చుకుంటారు. అవి వేయకపోతే ఆట ముందుకు కదలదు. వేశాక, చూడు ఎంత పని చేశావో అని మనల్ని నిలదీస్తుంది. నా చేతిలో లేని పనికి నన్ను దోషిని చేయడం ఉపన్యాసమవుతుంది గానీ అనుభవం కాదు.

ఆ విసుగు కావాలని పెట్టిందే, హింస యాంత్రికమని చెప్పడానికే, అనే సమర్థన ఒకటుంది. నేను గౌరవించే సమర్థన అదొక్కటే. ఎందుకంటే అది కథని వదిలి చేతుల గురించి మాట్లాడుతోంది. నిజానికి ఆ ఆటలో నాకు మిగిలిపోయిన ఘట్టం కూడా చేతిదే. తన సహచరుణ్ణి ఉరితీసిన జనం వాకర్‌ని చుట్టుముట్టి రాళ్ళు విసురుతుంటారు. ఏం చేయాలో తెర మీద ఏమీ రాదు. చాలామంది జనాన్ని కాల్చేస్తారు. గాల్లోకి కాల్చినా జనం చెదిరిపోతారు. ఆ సంగతి ఆట చెప్పదు, మనకి తోచాలి. అక్కడ కాన్రాడ్ నవల అవసరమే లేదు.

మనకి ఈ తేడా కొత్తదేం కాదు. బళ్ళో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే అందరం. తాత్పర్యం రాసేశాక పద్యం చేతిలో మిగల్లేదని కూడా మనకి తెలుసు. యతి దగ్గర ఊపిరి ఎందుకు ఆగిందో తాత్పర్యంలో ఉండదు. పద్యం విషయంలో ఇంత తెలిసినవాళ్ళం, ఆట దగ్గర మాత్రం తాత్పర్యం బాగుంటే సాహిత్యం, బాగోకపోతే కాలక్షేపం అనేస్తున్నాం.

ఆటల మీద రాయండి, తప్పకుండా రాయండి. కానీ కథ చెప్పడం రెండు వాక్యాల్లో ముగించండి. మీ చేతులు ఏం చేశాయో, ఎప్పుడు ఆగాయో, ఎందుకు తొందరపడ్డాయో రాయండి. ఆ హాస్టల్ గదిలో నేను చేయాల్సిన పని అదే. నా మాట విని ఆ డెమో ముట్టుకోని నలుగురిలో ఇద్దరు ఇప్పటికీ ఫోన్లో దొరుకుతారు. మొన్న వాళ్ళకి చేసి, అది కాపీ కాదురా అని చెప్పాను. ఒకడు ఏ ఆట అనడిగాడు. రెండోవాడు, "కథేంటి?" అన్నాడు.