ఇథియోపియా గృహిణుల కాఫీ పేరంటము

కాఫీ యనిన దక్షిణదేశపు సొత్తని మనలో ననేకులు తలంచుచుందురు. కాని యా చెట్టునకు పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమందలి ఇథియోపియా దేశము. పూర్వపు గ్రంథములలో అబిసీనియా యని వ్రాయబడినది యిదియే. ఆ దేశపు నైరృతి దిక్కున కఫా యను సీమ కలదు. అచ్చటి కొండయడవులలో నేటికిని కాఫీచెట్లు ఎవరును నాటకయే మొలచి, పెద్ద వృక్షముల నీడను పెరుగుచున్నవి. ఆ గింజలు ఎఱ్ఱసముద్రము దాటి యెమెను దేశమునకును, అచ్చటినుండి 17వ శతాబ్దమున బాబా బుడన్ అను ఫకీరు మూలమున మైసూరు సీమ కొండలకును వచ్చెనని పెద్దలు చెప్పుదురు. మన యరకులోయలో గిరిజనులు పండించు కాఫీయును ఆ జాతిదే. కావున నా దేశమునకు పోవుట, మన యింటికి వచ్చిన కోడలి పుట్టింటిని చూడబోవుటవలె మాకు తోచినది.

రాజధానియగు అడిస్ అబాబా సముద్రమట్టమునకు 2,300 మీటర్లకు మించిన యెత్తున నున్నది. ఆ నగరము 1886లో వెలసినది. దానికి పేరు పెట్టినది మెనెలిక్ రాజు భార్యయగు తైతు రాణి. 'క్రొత్త పువ్వు' అని యా పేరున కర్థము.

ముందుగా భోజనపు సంగతి చెప్పెదము. అచ్చట అన్నమునకు బదులు ఇంజెర యను అట్టును తినెదరు. దానిని తెఫ్ అను ధాన్యముతో చేయుదురు. ఆ గింజ మన గసగసాలంత సూక్ష్మము. పిండిని నీటితో కలిపి, వెనుకటి పిండిపై తేరిన పులిసిన నీటిని తోడుగా వేసి, రెండు మూడు దినములు పులియనిత్తురు. పిమ్మట మితాద్ అను వెడల్పాటి మట్టిపెనముపై పోయుదురు. మనము దోసెపిండిని నడుమ పోసి అంచులకు త్రిప్పుదుము. వారు అంచున మొదలిడి నడుమకు త్రిప్పుచు వత్తురు. మూతవేసి ఒక ప్రక్కనే కాల్చుటచే పైభాగమంతయు చిన్న చిన్న కన్నులు విచ్చును. పట్టణములందు విద్యుత్తుతో కాగు పెనములు వచ్చినవి. పల్లెలలో నేటికిని కట్టెల పొగయే గతి.

ఆ యట్టును పెద్ద పళ్లెమున పఱచి, కూరలు దానిపై వడ్డింతురు. అందఱును పళ్లెముచుట్టు కూర్చుండి కుడిచేతితో తినెదరు. అతిథికి ఇల్లాలు తన చేతితో ముద్ద చుట్టి నోటికందించును. దీనిని గుర్షా యందురు. ఎంగిలి పట్టింపుగల మనకు మొదట సంకోచము కలుగును. కాని గోరుముద్దలు తిని పెరిగినవారికి దాని యర్థము తెలియకపోదు.

శాకాహారులు భయపడ నక్కఱలేదు. అచ్చటి సనాతన క్రైస్తవులు బుధ శుక్రవారములందును, ఈస్టరునకు ముందు 55 దినములును, మాంసము, గుడ్లు, పాలు, నేయి ముట్టరు. ఆ దినములలో శనగలు మొదలగువాని పిండితో కాచు షిరో యను పులుసును, మసూరుపప్పును, ఆకుకూరలును వండుదురు. బెర్బెరె యను వారి కారపుపొడిలో మిరపకాయలు, మెంతులు, అల్లము, వెల్లుల్లి, వాము మొదలగునవి చేరును. ఆ వాసనకు మనకు మన వంటయిల్లే జ్ఞప్తికి వచ్చును.

ఇక కాఫీ. వారు దానిని బున్నా యందురు. మా బసకు పొరుగున నొక గృహిణి మమ్ము పిలిచినది. నేలపై పచ్చగడ్డి పఱచి, సాంబ్రాణి ధూపము వేసి, ఆమె పొట్టిపీటపై నందఱి నడుమను కూర్చుండెను. పచ్చిగింజలను కడిగి, నిప్పులమీద వేయించి, పొగలెగయు పెనమును మా యందఱి ముందునకు తెచ్చి వాసన చూపెను. తరువాత రోటిలో దంచి, జెబెనా యను పొడవుమెడ మట్టికూజాలో కాచి, పిడిలేని చిన్న గిన్నెలలో నెత్తునుండి సన్నని ధారగా పోసెను. పాలు లేవు, చక్కెర మెండు. కొందఱు దానిలో సదాపాకు రెమ్మ వేసికొనిరి. నంజుటకు మొక్కజొన్న పేలాలు పెట్టిరి.

అదే పొడికి మరల మరల నీరుపోసి మూడు మాఱులు కాచుదురు. మొదటిది అబోల్, రెండవది తోనా, మూడవది బరకా. బరకా యనగా దీవెన. అది త్రాగకుండ లేచిపోవుట మర్యాద కాదు. ఒకప్పుడు అచ్చటి క్రైస్తవ మతాధికారులు కాఫీ మహమ్మదీయుల పానీయమని నిషేధించిరి. 19వ శతాబ్దపు చివరను ఆ పట్టు సడలినది. నేడు ఉభయ మతములవారి యిండ్లను ఈ పేరంటము జరుగుచున్నది.

మొదటి గిన్నెనాడు క్షేమసమాచారములు. రెండవది వచ్చునప్పటికి ఒక తల్లి కన్నీరు తుడుచుకొనెను. ఆమె కుమార్తె ఇంటిపనికై అరబ్బు దేశమునకు పోయి నెలలాయెను, వార్త లేదు. మన గోదావరి సీమలోను, కడప సీమలోను ఇట్టి తల్లులు లేకపోలేదు. ఒకామె తన తమ్ముని సర్కారు కచేరికి పంపెదననెను. మఱియొకామె ఇక్కుబ్ అను చీటీలో ఆ నెల తనకు రావలసిన పాటను ఆ తల్లికి విడిచెను. మూడవ గిన్నె ముగియునప్పటికి ఆమె దుఃఖము పోలేదు గాని, ఒంటరితనము పోయినది.

అప్పుడు గృహిణి, ఆంగ్లము చదివిన తన కుమార్తెచేత మమ్మడిగించెను: "అక్కా, మీ దేశమున కాఫీ కాచిన యిల్లాలు ఎప్పుడు త్రాగును?"

"అందఱకు నిచ్చిన పిమ్మట, వంటయింట నిలుచుండి" అంటిమి.

ఆమె నవ్వలేదు. "అట్లయిన నామెతో మాటలాడువారెవ్వరు?" అనెను.

ఆ యాచారమున లోపము లేదని మేమనము. వేయించుట, దంచుట, కాచుట, కడుగుట యన్నియు స్త్రీల పాలనే, ఆడుపిల్లల పాలనే పడును. ఒక్కొక్క మాఱు గంటకు మించి పట్టును. నగరములలో తీరిక లేనివారు అంగళ్లలో ఇటలీదేశపు యంత్రముల కాఫీ త్రాగి పోవుచున్నారు. ఐనను ఆ శ్రమ పదిమంది కన్నులయెదుట జరుగును. చేసినది నడుమ కూర్చుండును, అందఱితోపాటు త్రాగును, తన మాట చెప్పుకొనును. మన శ్రమ గోడ వెనుక జరుగును. గ్లాసు మాత్రము వెలుపలికి వచ్చును.

జెబెనాయు, పచ్చగడ్డియు మనకు వలదు. మన పేరంటములకు పసుపు కుంకుమలే చాలును. కాని వారమున కొక సాయంకాలము, మీరు కాచిన కాఫీని మీరును కూర్చుండి, పొరుగింటి యామెను పిలిచి, వేడిగా నున్నప్పుడే త్రాగుడు. ఆమె కేదో చెప్పవలసియున్నచో, రెండవ గిన్నె వఱకు తొందరపడక వేచియుండుడు.