శ్వాస ముందా, గుండె ముందా?

నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్స్ దాకా పరుగున వచ్చే మన విద్యార్థికి ఆయాసం, గుండెదడ రెండూ కలిసే వస్తాయి. శ్వాసను, రక్తపీడనాన్ని నడిపే నాడీకణాలు మజ్జాముఖంలో గలవని అతడు పరీక్షకు వల్లెవేస్తాడు. ఆ రెంటిని గూర్చిన మహావివాదం మన నగరంలోనే విచారణకు వచ్చిందని మాత్రం ఎరుగడు.

క్లోరోఫారం వికటిస్తే ముందు ఆగేది శ్వాసా, గుండెయా? ఆబిడ్స్‌కు సమీపాన కోఠీ రెసిడెన్సీలో సర్జనుగా ఉండిన ఎడ్వర్డ్ లారీ ఈ ప్రశ్నకై 1888లోను, 1889లోను రెండు కమిషన్లను నడిపించాడు. అందుకు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేశాడు. రెండవసారి లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. జంతువులలో రక్తపీడనం క్రమంగా తగ్గడం, శ్వాస ముందుగా ఆగడం చూచి, వైద్యుడు నాడిని గాక శ్వాసనే కనిపెట్టి ఉండవలెనని వారు తీర్పు చెప్పారు.

ఆ తీర్పులో సగమే సత్యం. స్వల్పమైన మత్తులో సైతం క్లోరోఫారం గుండెను హఠాత్తుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై నిరూపించాడు. 1991లో పసి ఎలుకల మజ్జాముఖం నుండి కోసిన పలుచని ముక్కలోనే శ్వాసలయ పుట్టడం శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. రక్తపీడనాన్ని నిలిపే కణాలు ఆ లయకేంద్రానికి పొరుగునే ఉన్నాయి.

నిజాం ఔదార్యాన్ని సభలలో కొనియాడుతాము. లారీ పొరపాటు ఊసెత్తము. నిజానికి విద్యార్థికి రెండవదే ఎక్కువ ఉపకరిస్తుంది. కళాశాల కమిటీవారు ఆ కమిషన్ నివేదికను, లెవీ ఖండనతో సహా, ఉర్దూ తెలుగు సంగ్రహాలుగా గ్రంథాలయంలో ఉంచవలెనని నా విన్నపం.