పరదేశ వివాహములు

మన దేశమున పెండ్లికి సాక్షులు కొఱవడరు. అగ్నిహోత్రుడు, బంధువులు, ఊరివారు అందఱును సాక్షులే. ఏడడుగులు నడిచిన దంపతులను మీకు పెండ్లియైనదా యని అడుగువాడు లేడు. సముద్రము దాటినంతనే ఆ ప్రశ్న నడుగు అధికారులు ఎదురగుదురు. ఆ దేశపు చట్టము అంగీకరింపని పెండ్లి ఎంత శాస్త్రోక్తముగ జరిగినను అచ్చట పెండ్లి కాదు. నేడు విద్యకై, ఉద్యోగములకై ఇంగ్లాండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశములకు పోయిన తెలుగు యువతీయువకులలో పలువురు అచ్చటనే వివాహములు చేసికొనుచున్నారు. ముహూర్తమునకును విందునకును చూపు శ్రద్ధలో పదియవ పాలైనను చట్టమునకు చూపనివారు వారిలో లేకపోలేదు. ఆ అశ్రద్ధకు మూల్యము చెల్లించువారు తఱచుగ స్త్రీలును, పసిబిడ్డలును.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1860 మొదలు మద్రాసునుండి ఓడలెక్కి నేటాలునకు కూలీలుగ పోయినవారిలో తెలుగువారును కలరు. దక్షిణాఫ్రికాలో 1913వ సంవత్సరము మార్చి 14వ తేదీన కేపు ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి సెర్లు ఇచ్చిన తీర్పుతో హిందూ, మహమ్మదీయ, పార్సీ ధర్మముల ననుసరించి జరిగిన వివాహములు అచ్చట చట్టరీత్యా చెల్లనివయ్యెనని గాంధీమహాత్ముడు గ్రహించెను. ధర్మపత్నులు ఒక్క కలపుపోటుతో ఉంపుడుకత్తెలును, బిడ్డలు వారసత్వములేనివారును ఐరి. ఆ అవమానమును సహింపక కస్తూరిబా మొదలగు స్త్రీలు సత్యాగ్రహమున చేరి కఠినశిక్ష ననుభవించిరి. కారాగారమున జ్వరపడి విడుదలయైన వళ్లియమ్మ యను తమిళ బాలిక 1914 ఫిబ్రవరిలో ప్రాణములు విడిచెను. ఆ సంవత్సరముననే వచ్చిన చట్టము ఏకపత్నీ వివాహములను గుర్తించెను.

ఆనాడు పరప్రభుత్వము మన వివాహములను కాదనెను. నేడు మన యేమఱుపాటే కాదనిపించుచున్నది. ఇంగ్లాండునే చూడుడు. పురోహితుడు ఇంటిలోనో విందుశాలలోనో మంత్రములు చెప్పి చేయించిన వివాహము మాత్రమే అచ్చట చాలదు. వధూవరు లిరువురును రిజిస్ట్రారు కార్యాలయమున నోటీసు నిచ్చి, సామాన్యముగ 28 దినములు వేచి, చట్టము అంగీకరించిన స్థలమున, అధికారము గలవారి సమక్షమున వివాహమాడవలెను. కేవలము మతవిధిని జరిగిన ఒక నిఖా విషయమున 2020లో అచ్చటి అప్పీలు న్యాయస్థానము, అది చెల్లని వివాహము సైతము కాదు, చట్టము దృష్టిలో అసలు వివాహమే కాదని నిర్ణయించెను. అట్టి భార్యకు విడాకుల చట్టము క్రింద భరణముగాని ఆస్తిలో భాగముగాని కోరు మార్గము లేదు. మంగళసూత్రమును మాత్రమే నమ్ముకొన్న మన ఆడపడుచు స్థితియు నంతియే. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రమున కొక్కొక్క చట్టము. ముందుగ స్థానికాధికారి నుండి లైసెన్సు పొందవలెను; పెండ్లి చేయించినవాడు దానిపై సంతకము చేసి కార్యాలయమునకు చేర్చవలెను.

మన పార్లమెంటు 1969లో చేసిన విదేశ వివాహ చట్టము మఱియొక మార్గమును చూపినది. వధూవరులలో ఒక్కరైనను భారత పౌరులై యుండిన, విదేశమున నియుక్తుడైన మన వివాహాధికారి యెదుట పెండ్లియాడవచ్చును. వరునకు 21, వధువునకు 18 సంవత్సరములు నిండవలెను. ఎవరికిని జీవించియున్న భార్యగాని భర్తగాని ఉండరాదు. నోటీసునకు ముందు ఒక్కరైనను అచ్చట 30 దినములు నివసించి యుండవలెను. ఆక్షేపణలకు 30 దినముల గడువు. పెండ్లినాడు మువ్వురు సాక్షులు. అచ్చటి చట్టము ననుసరించి పెండ్లియాడినవారు కూడ మన అధికారియొద్ద దానిని నమోదు చేయించుకొనవచ్చును.

మేనరికములు మరగిన మనవా రొక సంగతి గుర్తింపవలెను. మన చట్టము ఆచారమునకు తావిచ్చినను, వివాహము జరుగు దేశపు చట్టము నిషేధించినచో మన అధికారి దానిని నిరాకరింపవచ్చును. మేనమామకు మేనకోడలి నిచ్చుట ఇంగ్లాండు చట్టమునకు సమ్మతము కాదు. అమెరికాలో పెక్కు రాష్ట్రములు మేనత్త మేనమామల బిడ్డల పెండ్లిని సైతము నిషేధించినవి. టిక్కెట్లు కొనుటకు ముందే దీనిని విచారించుట మేలు.

వివాహ పత్రము చేత పట్టుకొనుటతోనే పని ముగియదు. ఒక దేశపు పత్రము మఱియొక దేశమున చెల్లుటకు అపోస్టిల్ అను ధ్రువముద్ర కావలెను. ఆ ఒడంబడిక 2005 నుండి మన దేశమున అమలులో నున్నది. భార్య వీసాకును, వారసత్వమునకును ఈ పత్రమే ఆధారము. ఏ చట్టము క్రింద పెండ్లియైనదో తెలిసికొనుటయు ముఖ్యమే. 1975లో తిరుపతిలో జరిగిన ఒక వివాహమును అమెరికాలోని మిస్సోరీ న్యాయస్థానము రద్దు చేయగా, మన సుప్రీంకోర్టు 1991లో ఆ విడాకులను గుర్తింపలేదు. ఏ చట్టము క్రింద దంపతులైరో ఆ చట్టము సమ్మతించు న్యాయస్థానము, ఆ చట్టము సమ్మతించు కారణముల మీద ఇచ్చిన తీర్పే సామాన్యముగ చెల్లునని నిర్ణయించెను. తొలి వివాహము చట్టరీత్యా తెగినదో లేదో విచారింపక పిల్లనిచ్చు తండ్రి, తన బిడ్డనే కాక మఱియొకరి బిడ్డను కూడ నూతిలో త్రోసినవాడగును.

సంప్రదాయమునకును చట్టమునకును వైరము లేదు. తలంబ్రాలు పోయుడు, బాజాలు మ్రోయించుడు. కాని చట్టబద్ధమైన పత్రము ముందుగ సిద్ధము చేయుడు. లైసెన్సు చూడక మంత్రము చెప్పబోమని విదేశములందలి మన పురోహితులు నియమము పెట్టుకొనవలెను. అచ్చటి తెలుగు సంఘములు ఈ నిబంధనలను తెలుగున అచ్చువేసి పంచవలెను. మన కాన్సలు కార్యాలయములు అడిగినవారికి మన భాషలో సమాధానము చెప్పవలెను. ఆనాడు మన తల్లులు చెఱసాలకు పోయి సంపాదించిన గౌరవమును, నేడొక సంతకమునకు బద్ధకించి పోగొట్టుకొనుట మనజాతికి తగదని మా దృఢవిశ్వాసము.