ఖారా పానీకి ముందు పరీక్ష, తర్వాతే మిషన్

మా బోరు నీళ్ళు ఖారా. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, వుజూ చేసే కుళాయి చుట్టూ తెల్లగా పెచ్చు కడుతుంది. గీజరు కాయిల్ రెండుసార్లు మార్చాం. ఈ తక్లీఫ్ పడలేక అమ్మీ ఒక సేల్స్‌మేన్‌ని పిలిపించింది.

అతను మా నీళ్ళ గ్లాసులో రెండు కడ్డీలు ముంచి కరెంటిచ్చాడు. కాసేపట్లో నీళ్ళు తుప్పు రంగుకి తిరిగాయి. అతని మిషన్ నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి. "యా అల్లాహ్, ఇన్నాళ్ళూ ఇదేనా తాగింది!" అని అమ్మీ హడలిపోయింది.

ఆ గలీజు నీళ్ళది కాదు, ఇనుప కడ్డీది. లవణాలున్న నీళ్ళలో కరెంటు పారి ఇనుము కరుగుతుంది. ఆర్.ఓ. నీళ్ళలో లవణాలు తక్కువ, అంతగా పారదు. అంతే కిస్సా! భయపెట్టి చేసే ఈ తిజారత్‌కి లొంగకండి. ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

సేల్స్‌మేన్ మీటరు చెప్పేది టీడీఎస్ అంచనా మాత్రమే. కఠినత్వం, ఫ్లోరైడ్, క్రిములు దానికి తెలియవు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరుకి కఠినత్వం 200 మిల్లీగ్రాములు, టీడీఎస్ 500, ఫ్లోరైడ్ 1 దాటకూడదు. వేరే నీళ్ళు దొరకనప్పుడు 600, 2000, 1.5 వరకు ఒప్పుకుంటారు.

కఠినత్వమంటే కాల్షియం, మెగ్నీషియం. అవి జహర్ కావు. బాధంతా సబ్బు, గీజరుదే అయితే సాఫ్ట్‌నర్ చాలు. అది వాటిని పట్టుకుని సోడియం వదులుతుంది, కాబట్టి బీపీ ఉన్నవాళ్ళ ఇంట్లో తాగే కుళాయికి కలపొద్దు. అది ఫ్లోరైడ్‌ని తియ్యదు కూడా. ఫ్లోరైడో, టీడీఎస్సో హద్దు దాటితే తాగే నీళ్ళ వరకు ఆర్.ఓ. జరూరీ.

జరూరత్ లేకుండా మాత్రం వద్దు. ఇళ్ళలో పెట్టే ఆర్.ఓ. ఒక బిందె ఇవ్వడానికి తరచుగా రెండు మూడు బిందెలు మోరీపాలు చేస్తుంది. వుజూలో కూడా ఇస్రాఫ్ కూడదని పిల్లలకి నేర్పేది మనమే కదా! పెట్టక తప్పకపోతే ఆ పైపు కింద బకెట్ ఉంచండి, నేల తుడవడానికి పనికొస్తాయి.

మా రిపోర్టులో కఠినత్వం 480, ఫ్లోరైడ్ 0.6 వచ్చాయి, టీడీఎస్ కూడా హద్దులోనే ఉంది. మాకు వేరే నీళ్ళు లేవు. స్నానాల లైనుకి సాఫ్ట్‌నర్ పెట్టాం, తాగేవి కాచుకుంటున్నాం. అమ్మీ ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. ఇంకో సేల్స్‌మేన్ వస్తే ముందు అది చదివించి, తర్వాతే కూర్చోమంటుందట.