చూసిన దెబ్బలు చూసినట్టే రాయించండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి,

నడక కూడా రాని పసిబిడ్డను తొడ ఎముక విరిగి ఆస్పత్రికి తెస్తారు. వీపు మీద పాత కమిలిన మచ్చలుంటాయి. కేసు షీట్లో మాత్రం ‘మంచం మీది నుంచి పడింది’ అన్న తల్లిదండ్రుల మాటే ఎక్కుతుంది. రికార్డులో గాయం కారణానికి వేసే కోడ్ కూడా పడిపోవడానికి సంబంధించినదే వేస్తారు. మళ్లీ దెబ్బలతో ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరుకు పాత సంగతి తెలిసే దారే ఉండదు. ఆ బిడ్డ తిరిగి అదే ఇంటికి వెళ్తుంది.

వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-10లో శారీరక హింసకు టీ74.1, హింసించింది తల్లిదండ్రులైతే వై07.1 కోడ్‌లు ఉన్నాయి. డాక్టరు రాయనిదాన్ని కోడర్ ఊహించి వేయకూడదు. అందుకే దెబ్బల కొలతలు, ఫొటోలు, పెద్దలు చెప్పింది వాళ్ల మాటల్లోనే షీట్లో ఉండాలి. అనుమానం వచ్చినా మెడికో-లీగల్ కేసు (ఎమ్మెల్సీ) నమోదు చేసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి తెలపాలని ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నిటికీ లిఖితపూర్వక ఆదేశాలివ్వండి.