ఉపగ్రహమునకు నూనెమూతి

నూనె తీరినదని నడుచు ఇంజనును పాతయినుమునకు అమ్ము రైతు గలడా? వార్తలు మోయు ఉపగ్రహముల విషయమున చిరకాలము అదియే జరిగినది. దాదాపు 36,000 కిలోమీటర్ల యెత్తున చోటు తప్పక నిలుచుటకు ఇంధనము కావలెను. అది యడుగంటినచో, తక్కిన యంత్రములు చక్కగా నున్నను, విరమింపజేయుదురు.

2001లో ఎగిరిన ఇంటెల్‌సాట్-901 ఈ స్థితికి రాగా, 2019లో బైకనూరునుండి బయలుదేరిన ఎం.ఇ.వి.-1 అను నౌక 2020 ఫిబ్రవరి 25న దాని వెనుకభాగమును పట్టుకొనెను. ఇంధనము పోయలేదు సుమా! ఆకాశమున పోయుటకు తగిన మూతియే దానికి లేదు. కుంటియెద్దుకు జోడుగా గట్టియెద్దును కట్టినట్లు, తన బలముననే దానిని నిలిపి, ఐదేండ్లు పని చేయించి, 2025లో విడిచెను.

పని ఘనమే. కాని యొక మూతి లేనందున ఇంకొక నౌకనే పంపుట మాకు దుబారాగా దోచుచున్నది. భూమిపై నుండగనే ప్రతి ఉపగ్రహమునకు ఆ మూతి నమర్చవలెనని మా యభిప్రాయము.