మందు డబ్బా కన్నా ముందు నీళ్ల తొట్టి



పావగడ తాలూకా అంటేనే ఎండ, కరువు. అలాంటి చోట ఆకుకూరకు బూజు తెగులేమిటని అరసికెరెకు వచ్చే చుట్టాలు అడుగుతుంటారు. బయట చేనికైతే ఆ మాట చెల్లుతుంది. నెట్ హౌస్ లోపలి సంగతి వేరు. సాయంత్రం పైనుంచి తుంపర నీళ్లు వదిలి పక్క తెరలు దించితే ఆకు తెల్లవార్లూ తడిగానే ఉంటుంది. కరువు సీమలో నెట్ కింద చిన్న మలెనాడు తయారవుతుంది.

తోటకూర (సంతలో దంటు సొప్పు అనేది ఇదే) ఆకు అడుగున తెల్ల పొక్కులొస్తే అది తెల్ల తుప్పు తెగులు. మొలక మొదట్లో కుళ్లి వాలిపోతే నారుకుళ్లు. దేనికైనా అంగడిలో తరచుగా చేతిలో పెట్టేది కార్బెండజిమే. కానీ తెల్ల తుప్పు తెచ్చే ఆల్బుగో, నారుకుళ్లు తెచ్చే పిథియం అసలైన బూజులు కావు, నీటి బూజుల జాతి. కార్బెండజిమ్ వాటి మీద పనిచేయదు. డబ్బు పోతుంది, తెగులు పోదు, మందు ఆకు మీద మిగులుతుంది.

2020లో కేంద్రం నిషేధించాలని ముసాయిదా వేసిన 27 మందుల్లో కార్బెండజిమ్, మాంకోజెబ్ రెండూ ఉన్నాయి. 2023లో ఖరారైన నిషేధంలో అవి లేవు. అంగట్లో దొరుకుతున్నాయి కదా, కొడితే ఏమవుతుందని కొందరి వాదన. మేము ఒప్పుకోం. తోటకూర 25, 30 రోజులకే కోతకొస్తుంది. మందు పడిన ఆకే నేరుగా కూరలోకి పోతుంది. అమ్మకానికి ఒక మడి, ఇంటికి మందు కొట్టని మడి వేరేగా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. బెంగళూరులో ఆ కట్ట కొనే ఇంట్లోనూ పిల్లలుంటారు.

మరి ఏం చేయాలి? నీళ్లు పొద్దున్నే, డ్రిప్పులో, మొదట్లోకే ఇవ్వాలి. పగలు తెరలు ఎత్తాలి. విత్తనం పలుచగా చల్లాలి. కిలో విత్తనానికి 4 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించాలి. ఏప్రిల్, మే నెలల్లో ఖాళీ మడిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్ట నాలుగు నుంచి ఆరు వారాలు కప్పి ఉంచాలి. మన ఎండకు ఇంతకన్నా మంచి వాడకం లేదు! తెల్ల తుప్పును కొంత తట్టుకునే అర్క సుగుణ రకం హెసరఘట్ట ఐఐహెచ్ఆర్ వాళ్లది.

పొద్దున్నే నీళ్లు పెట్టమంటే, త్రీఫేజ్ కరెంటు వంతు రాత్రి పడితే ఎలాగని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇదే తాలూకాలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పగలంతా కరెంటు పుట్టిస్తోంది, ఆ ముచ్చట ఇంకోసారి. రాత్రి బోరు నీళ్లు ఎత్తులో కట్టిన తొట్టికి ఎక్కించి, పొద్దున డ్రిప్పుకు వదలొచ్చు. సంఘం నిధిలో ఈ ఏడు మందులకు అప్పులివ్వడం ఆపి, ముందు తొట్లకు ఇవ్వాలని మేము అడుగుతున్నాం. ఒప్పుకోనివాళ్లు వచ్చే సమావేశంలో లెక్కలతో రండి.